తమ్ముడికి ఇచ్చిన కౌన్సెలింగ్

ఆ బడిలో కౌన్సెలింగ్ అంటే స్టోరు గది పక్కనుండే ఇనుప కుర్చీ. హోంవర్కు ఎగ్గొట్టినవాడు, ముందు బెంచీవాడి చొక్కా మీద సిరా చల్లినవాడు, గోడ దూకినవాడు, ఎవడైనా సరే ఆ కుర్చీ ముందు నిలబడాల్సిందే. కుర్చీలో టీచరమ్మ కూర్చునేది. నిలబడ్డవాడు తన బూట్ల వంక చూసుకుంటూ ఉంటే పావుగంటసేపు దులిపేసేది. చెయ్యెత్తేది కాదు, గొంతూ ఎత్తేది కాదు. "మేడం, మావాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి, మా మాట చెవికెక్కట్లేదు" అని తల్లిదండ్రులే చెయ్యి పట్టుకొచ్చి అప్పగించి వెళ్ళేవాళ్ళు. ఇరవై రెండేళ్ళలో ఆ కుర్చీకి రెండుసార్లు రంగు వేశారు. పిల్లలు ఆమెకి 'స్కేలు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలుసని వాళ్ళకి తెలియదు.

అందుకే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కౌన్సెలింగ్‌కి వెళ్దామనుకుంటున్నా" అన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది.

"ఏం తప్పు చేశావురా?" అంది.

తమ్ముడూ నవ్వాడు. అతను లిఫ్టు మెకానిక్. ఊళ్ళోని ఎత్తైన మేడల్లో సగం వాటి లిఫ్టులు అతని చేతుల మీదే నడిచేవి. "నేను చూసే బిల్డింగొకటుంది. మూడో అంతస్తులో కౌన్సెలరని బోర్డు. నెలనెలా సర్వీసింగ్‌కి వెళ్తా కదా, వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటా. మామూలు మనుషులే అక్కా, మనలాంటివాళ్ళే. నువ్వు చదువుకున్నదానివి. మొదలుపెట్టే ముందు ఏం తెలుసుకోవాలో నీకు తెలిసుంటుందేమో అని."

"అసలు నీకేమైంది?"

"ఏం కాలేదు. నిద్ర పట్టట్లేదు. పట్టినా తెల్లారాక లేవబుద్ధి కావట్లేదు."

ఆమె అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. "పరాయివాళ్ళ ముందు కూర్చుని ఇంటి గుట్టు విప్పుకోవడం దేనికి? ఆ కౌన్సెలింగేదో నేనిస్తా, విను" అంది.

ఇచ్చింది. నలభై నిమిషాలు. పేపర్లు దిద్దుతూనే. నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూసి నేర్చుకోమంది. ఎదిగొస్తున్న కూతుర్ని పెట్టుకుని నువ్వే డీలా పడితే ఎలా అంది. నాన్న ఇంతకంటే పడలేదా, ఒక్కనాడన్నా నోరు విప్పాడా అంది. పొద్దున్నే లేచి నడిస్తే అన్నీ సర్దుకుంటాయంది. అలవాటు కొద్దీ చివర్లో "అర్థమైందా?" అని కూడా అడిగింది.

"అర్థమైందక్కా" అన్నాడు తమ్ముడు. "మళ్ళీ ఇలాంటివి మాట్లాడను."

మాట నిలబెట్టుకున్నాడు.

మూడు వారాలకి, ఓ ఆఫీసు మేడ ఏడో అంతస్తు నుంచి లిఫ్టు గుంతలోకి పడిపోయాడు. బెల్టు పెట్టుకోలేదు, కాలు జారింది అని కంపెనీవాళ్ళు రాసుకున్నారు. పదిహేడేళ్ళు జారని కాలు. మరదలు ఆ మాటే నమ్మింది. టీచరమ్మ కూడా అడిగినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పింది. ఆ ఫోను సంగతి తనకీ పోయినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియదనుకుంది.

*

తమ్ముడి కూతురికి పద్నాలుగేళ్ళు. పెన్సిల్ ముక్కలు, నట్లు, బోల్టులు ఎక్కడ దొరికినా డబ్బాలో దాచుకునేదని తండ్రి దాన్ని 'ఉడత' అనేవాడు. తండ్రి పోయాక డబ్బా మూత తియ్యలేదు. అమ్మతో అవసరమైనంత మాట్లాడేది. మేనత్తతో అదీ లేదు. పక్క వీధిలోనే ఉండే టీచరమ్మ రోజూ సాయంత్రం చదివించడానికి వచ్చేది. ఉడత పుస్తకం తెరిచేది, గంటసేపు ఒకే పేజీ చూసేది, మూసేది. ఎన్నడూ తప్పనిది మూడు సబ్జెక్టులు తప్పింది.

ఒకరోజు మరదలు బేకరీలో పని ముగించుకుని వచ్చి కనుబొమల మీద పిండి తుడుచుకుంటూ అంది: "ఏం పాలుపోవట్లేదు వదినా. ఊళ్ళో పిల్లలందరికీ ఇస్తావు కదా, మన ఉడతకి నువ్వే కాస్త కౌన్సెలింగ్ ఇవ్వు."

టీచరమ్మ నోరు తెరిచేలోపే బల్ల దగ్గర్నుంచి ఉడత, తలెత్తకుండానే అంది: "అత్త కౌన్సెలింగ్ నాకొద్దు. నాన్న వెళ్దామనుకున్న చోటికి వెళ్తా."

"నాన్న ఎక్కడికి వెళ్దామనుకున్నాడే?"

"అత్తకి తెలుసు."

మరదలు వదిన వైపు తిరిగింది. టీచరమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఎవరో కౌన్సెలరుందట. ఏదో మాటల్లో అన్నాడు ఒకసారి" అంది.

"నాతో ఒక్క ముక్క అనలేదే" అంది మరదలు. నిష్ఠూరంగా కాదు. ఎప్పుడన్నాడా, తను వినిపించుకోలేదా అని వెతుక్కుంటున్నట్టు అంది. తువ్వాలు అందుకుని, "సరే, తీసుకెళ్ళు వదినా. అక్కడ ఫారాలూ అవీ ఉంటాయి. నాకు అచ్చు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి" అని స్నానానికి వెళ్ళింది.

టీచరమ్మ బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నీకెలా తెలుసు?"

"నాన్న చేతులకి గ్రీజుంది. ఫోను స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనే బొమ్మేసుకుంటున్నా."

"ఎంతవరకు విన్నావు?"

"నువ్వు 'అర్థమైందా' అనేదాకా."

లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు. టీచరమ్మ ఇంకా గొంతు తగ్గించింది. "అమ్మకి చెప్పావా?"

ఉడత అప్పుడు తలెత్తి చూసింది. "చెప్తే అమ్మ నిన్ను ఇంట్లోకి రానివ్వదు కదా అత్తా" అంది. అని, మళ్ళీ పుస్తకంలోకి తల వంచింది.

*

ముందు తనొక్కతే వెళ్ళి చూసొస్తానంది టీచరమ్మ. ఏ పనైనా రాసుకుని మొదలుపెట్టడం ఆమె పద్ధతి. కొత్త నోటుపుస్తకం తెరిచి, పైన 'మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి' అని గుండ్రంగా రాసి కింద గీత గీసింది. గీసిన తర్వాత తెలిసింది, అది తమ్ముడడిగిన ప్రశ్న అని. ఆ పేజీ చింపలేదు. ఆ గీత కిందే అంకెలేసుకుని పదకొండు ప్రశ్నలు రాసింది.

తమ్ముడి కంపెనీలో అడిగి ఆ కౌన్సెలర్ ఉండే మేడ ఏదో కనుక్కుంది. అందులో లిఫ్టు ఉంది. తమ్ముడు పోయాక ఆమె ఏ లిఫ్టూ ఎక్కలేదు. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళింది.

కౌన్సెలర్‌కి నలభై ఏళ్ళుంటాయి. స్వెట్టరుకి ఒక గుండీ వేరే రంగుది. గొంతు బాగోలేదేమో, బుగ్గన బిళ్ళ పెట్టుకుని మాట్లాడింది. గదిలో రెండు కుర్చీలున్నాయి, రెండూ ఒకే ఎత్తు. టీచరమ్మ ఎందులో కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడింది. ఎందులోనైనా ఫరవాలేదంది కౌన్సెలర్.

టీచరమ్మ పుస్తకం తెరిచింది. "మీరేం చదివారు?"

కౌన్సెలర్ చెప్పింది. ఎక్కడ చదివిందీ, ఎన్నేళ్ళుగా పిల్లలతో పనిచేస్తున్నదీ, తనకి చేతకానిదేమిటో కూడా చెప్పింది. "ఇది అడిగేవాళ్ళు తక్కువ. అందరూ అడగాలి" అంది.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇప్పుడే చెప్పలేను. ఆరుసార్లు కూర్చున్నాక ఎలా ఉందో అమ్మాయినే అడుగుదాం. నాతో కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి పంపిస్తాను. కుదరకపోవడం ఆ పిల్ల తప్పు కాదు. మొహమాటపడి నెట్టుకురావద్దని ముందే చెప్పండి."

"సలహాలు ఎలాంటివిస్తారు?"

"దాదాపు ఇవ్వను."

టీచరమ్మ పెన్ను ఆగింది. "మరేం చేస్తారు?"

"వింటాను. అర్థం కానిది అడుగుతాను. సలహాలు ఇప్పటికే చాలామంది ఇచ్చుంటారు కదండీ."

టీచరమ్మ ఆ జవాబు రాసుకోలేదు. కౌన్సెలర్ కిటికీ రెక్క ఒకటి మూసి వచ్చి కూర్చుంది. "మొదట్లో ఇంటికొచ్చి ఏడవొచ్చు, విసుక్కోవచ్చు. ఇక్కడికొచ్చి ఇంకా పాడైందని మాన్పించకండి. ఇంకోటి, లోపల ఏం మాట్లాడిందో మీరు అడగకూడదు. నేను చెప్పను."

"నేను దాని మేనత్తని."

"వాళ్ళమ్మకైనా అంతే. ప్రాణం మీదికి వచ్చేదేదైనా ఉంటే మాత్రం చెప్తాను. అదీ ఎవరికి చెప్తానో ముందు అమ్మాయికి చెప్పి."

పదకొండో ప్రశ్న ఆమె పుస్తకం చూడకుండానే అడిగింది. "ఇంట్లోవాళ్ళ మీద ఏదైనా చెప్తే? ఒకరి గురించి ఇంకొకరికి తెలియని సంగతి?"

"అదీ ఈ గది దాటదు."

టీచరమ్మ ఊపిరి వదిలింది. వదిలిన సంగతి కౌన్సెలర్ చూసింది. చూసి, బిళ్ళ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంది. "కాకపోతే టీచర్ గారూ, పిల్లలు పెద్దవాళ్ళ కోసం ఏదైనా దాస్తుంటే ఇక్కడికొచ్చినా ముందు దానికే కాపలా కాస్తారు. కొందరు నెలల తరబడి కాస్తారు. ఆ కాపలాతో అలిసిపోయి అసలు దుఃఖం దాకా రారు. కాపలా తీసెయ్యగలిగేది ఆ పెద్దవాళ్ళే. నేను కాదు."

ఫారం ఇచ్చి పంపింది. తల్లి సంతకం ఉండాలంది. చదివి, అర్థమై చెయ్యాలి అని నొక్కి చెప్పింది.

*

ఆ వారం బడికి ఒక తండ్రి కొడుకుని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "గట్టిగా ఇవ్వండి మేడం, వారానికి సరిపడా" అన్నాడు. టీచరమ్మ కుర్రాణ్ణి ఇనుప కుర్చీలో కూర్చోమంది. వాడు అదేదో కొత్త శిక్షనుకుని బిక్కచచ్చిపోయాడు. కుర్చీ అంచున కూర్చుని ఏడుపు మొహం పెట్టాడు. ఏమైందని అడిగింది. వాడు ఏం కాలేదన్నాడు. ఆ రెండు మాటలూ ఇంతకు ముందు ఎక్కడ విన్నదో ఆమెకి గుర్తొచ్చింది. వాణ్ణి క్లాసుకి పంపించేసి, గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రితో, "నాకు కౌన్సెలింగ్ రాదండీ" అంది.

"మీరు భలేవారు మేడం" అని నవ్వుతూ వెళ్ళాడతను.

ఇంటికొచ్చి ఫారం ముందు పెట్టుకుంది. పైన 'వివరాలు' అనే మాట 'వివారాలు' అని పడింది. ఎర్ర పెన్నుతో అదనపు దీర్ఘం కొట్టేసింది. పేరు, వయసు, బడి, నిద్ర, తిండి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. రెండో పేజీలో వరసగా మూడు ప్రశ్నలున్నాయి. కుటుంబంలో ఇంతకుముందు ఎవరైనా కౌన్సెలింగ్ తీసుకున్నారా? ఎవరి దగ్గర? ఎలా ఉపయోగపడింది?

'లేదు' అని రాస్తే అక్కడితో సరి. పైగా అది అబద్ధం కూడా కాదు. ఆమె ఇచ్చినదాన్ని కౌన్సెలింగ్ అనరని ఇప్పుడామెకి తెలుసు. గది దాటదని కౌన్సెలర్ మాటిచ్చింది. ఉడత చెప్పదు. చెప్పని పిల్ల తన కోసం నోరు కట్టేసుకుని బల్ల ముందు ఒకే పేజీ చూస్తూ కూర్చుంటుంది, రేపు ఆ కుర్చీలోనూ అలాగే కూర్చుంటుంది. అమ్మకి చెప్పావా అని గొంతు తగ్గించి అడిగింది తనే. కాపలా పెట్టింది తనే.

మొదటి ఖాళీలో 'అవును, అమ్మాయి తండ్రి' అని రాసింది. రెండో దాంట్లో 'నా దగ్గర' అని రాసింది. మూడోది వదిలేసింది. పరీక్షలో ఏ ఖాళీ వదలకండి, తెలిసినంత రాయండి అని ఇరవై రెండేళ్ళు చెప్పిన మనిషి.

*

"చదివి వినిపించు వదినా. దేని కింద సంతకం పెడుతున్నానో తెలియాలిగా" అంది మరదలు. రొట్టెల పెనాలు పట్టి పట్టి కాలిన వేళ్ళకి నూనె రాసుకుంటోంది. ఉడత గదిలో ఉంది. గది తలుపు తీసే ఉంది.

టీచరమ్మ చదివింది. మొదటి పేజీ అంతా క్లాసులో పాఠం చదివినట్టే స్పష్టంగా చదివింది. రెండో పేజీ తిప్పింది. ప్రశ్న చదివి, తను రాసింది చదివింది.

"అవును, అమ్మాయి తండ్రి. నా దగ్గర."

"నీ దగ్గరేంటి?" అంది మరదలు.

టీచరమ్మ చెప్పింది. తమ్ముడు ఏమడిగాడో, తనేమందో. ఏ మాటా తగ్గించలేదు. నలభై నిమిషాలనీ, పేపర్లు దిద్దుతూనే అనీ, చివరికి అతనన్న మాట కూడా చెప్పింది. ఉడత విన్నదనీ, ఇన్నాళ్ళూ దాచిందనీ, ఆ దాచడానికి తనే కారణమనీ చెప్పింది. ఇదంతా చెప్పాక 'అర్థమైందా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది.

మరదలు నూనె గిన్నె మీద మూత పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టింది.

"నిద్ర పట్టట్లేదన్నాడా?"

"అన్నాడు."

"పక్కన పడుకునేదాన్ని నేను. నాతో అనలేదు. నీతో అన్నాడు." గిన్నె పక్కకి జరిపింది. "నువ్వు చదువుకున్నదానివని."

టీచరమ్మ ఏదో అనబోయింది.

"చాల్లే వదినా. నువ్వు మాట్లాడకు." గొంతు పెద్దది చెయ్యలేదు. "సంతకం ఎక్కడ?"

టీచరమ్మ వేలు పెట్టి చూపించింది. మరదలు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. నూనె వేళ్ళ ముద్ర కాగితం మీద పడింది. "దాన్ని తీసుకెళ్ళు, తీసుకురా. నాకు ఆ టైముకి షిఫ్టు. అంతే. సాయంత్రాలు చదువు చెప్పడానికి రానక్కర్లేదు. నేనే చూసుకుంటా."

అచ్చు చూస్తే కళ్ళు తిరిగే మనిషి ఆ మాట అంది. టీచరమ్మ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే గదిలోంచి చిన్న చప్పుడు వినిపించింది. డబ్బా మూత తీసిన చప్పుడులా ఉంది. అదో కాదో ఆగి చూసే హక్కు తనకిక లేదనుకుని బయటికొచ్చేసింది.

*

కౌన్సెలర్ ఉండే మేడలో ఉడత లిఫ్టు బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. లోపలి గోడకి, గాజు పలక కింద, నెలనెలా సర్వీసింగ్ చేసిన మెకానిక్ సంతకాల కార్డుంది. తొమ్మిది వరసలు ఒకే చేతి రాత. పదో వరస నుంచి ఇంకెవరివో. బయటి నుంచే చూసింది టీచరమ్మ. తమ్ముడికి అక్షరాలు దిద్దించింది తనే. సంతకం చివర ఆ వంపు వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

"ఎక్కవా?" అంది ఉడత.

"మెట్ల మీద వస్తా."

పైన కౌన్సెలర్ గది ముందు ఉడత ఒక్క క్షణం నిలబడింది. "అత్తా, నీ గురించి కూడా చెప్పొచ్చా?"

"చెప్పు."

"నువ్వన్నవన్నీనా?"

"అన్నీ. నువ్వు మర్చిపోతే నాకు గుర్తున్నాయి."

అది నవ్వించాలని అన్న మాట. ఉడత నవ్వలేదు. లోపలికెళ్ళింది. తలుపు పడింది.

టీచరమ్మ బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉడత సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుని చూస్తూనే ఉంది. తలుపు మందంగా ఉంది, ఒక్క మాట వినపడదు. నలభై నిమిషాల దగ్గర మాత్రం లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు. తమ్ముడు పోయిన రోజున కూడా ఈ పిల్ల అలా ఏడవలేదు. టీచరమ్మ లేచి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కొచ్చి కూర్చుంది.

ఉడత బయటికొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, చేతిలో నలిగిన కాగితపు రుమాళ్ళు. ఏమన్నావ్ అనే మాట టీచరమ్మ గొంతులో ఉండగానే మింగింది. "నీళ్ళు తాగుతావా?" అంది.

"వద్దు. వచ్చే వారం కూడా రమ్మంది."

"సరే."

లిఫ్టు పైనే ఆగి ఉంది. ఉడత ఎక్కింది. టీచరమ్మ ఒక కాలు గుమ్మం మీద పెట్టింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి. ఉడతతో కలిసి ఆ కార్డు ముందు నిలబడి ఓసారి చదవాలనిపించింది.

"నువ్వు మెట్ల మీద రా అత్తా" అంది ఉడత. కోపంగా అనలేదు. బస్సులో ఇది నా సీటు అన్నంత మామూలుగా అంది.

టీచరమ్మ కాలు వెనక్కి తీసుకుంది. తలుపు మూసుకుంది. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. గోడకి అవతల లిఫ్టు దిగుతున్న చప్పుడు ఆమెతో పాటే వచ్చి, ఒక్కో అంతస్తుకీ ముందుకెళ్ళిపోయింది.

కిందికి వచ్చేసరికి అక్కడ లిఫ్టూ లేదు, ఉడతా లేదు. తలుపు మీద ఎర్ర అంకె మళ్ళీ పైకి వెళ్తోంది. రెండు. మూడు. నాలుగు. ఉడత లోపలే ఉండిపోయి ఉంటుంది, నాన్న సంతకాల ముందు. టీచరమ్మ పిలవకుండా కింది మెట్టు మీద కూర్చుంది. అంకె చివరి అంతస్తులో ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.